గృహవైద్యం నుంచి విశ్వవిద్యాలయం దాకా: బాపట్ల – తెనాలి – రేపల్లె ప్రాంత హోమియో వైద్యచరిత్రకు ఆకరాలు

ఉపోద్ఘాతం

వైద్యచరిత్ర రచన సాధారణంగా సంస్థల దస్తావేజులతో మొదలవుతుంది. కళాశాలల ప్రవేశ పట్టికలు, పరీక్షాఫలితాలు, ఆసుపత్రుల వార్షిక నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు భద్రంగా ఉన్నచోట ఒక వైద్యవిధానం గతాన్ని వరుస తప్పకుండా చెప్పడం సాధ్యమవుతుంది. సంస్థల నీడ లేకుండా ఇళ్లలో, అరుగుల మీద, బడిపంతుళ్ల చేతుల్లో పెరిగిన వైద్యానికి ఈ వసతి లేదు. ఆంధ్రదేశంలో హోమియోపతి ఈ రెండవ కోవకు చెందింది. ఆధునిక ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయంలో దానికి నేడు స్థానం ఉన్నా, ఆ స్థానానికి ముందున్న సుదీర్ఘ దశకు సంబంధించిన ఆధారాలు చాలావరకు వ్యక్తుల ఇళ్లలో పుట్టినవే.

బాపట్ల, తెనాలి, రేపల్లె పట్టణాల నడుమ ఉన్న తీరాంధ్ర భాగాన్ని దృష్టిలో పెట్టుకొని, హోమియో వైద్యచరిత్రకు ఏ రకమైన ఆకరాలు ఉపకరిస్తాయో, అవి ప్రభుత్వ, విశ్వవిద్యాలయ భాండాగారాలకు ఎందుకు చేరలేదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఈ ఆకరాల్లో ముఖ్యమైన రోగి వివరాల పుస్తకం వైద్యచరిత్రకు ఎంత అవసరమో తెలుగు భాషాచరిత్రకూ అంతే అవసరమని, అందుచేత దాని సేకరణ తెలుగు శాఖల బాధ్యతల్లో ఒకటని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హోమియో మందుల పనితనం ఇక్కడ చర్చనీయాంశం కాదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో వెలువరించిన సమీక్షతో సహా ఆధునిక శాస్త్రీయ సమీక్షలు ఆ మందులకు నమ్మదగిన ఫలితం ఉన్నట్లు నిర్ధారించలేదు. అయినా లక్షలాది ప్రజలు ఆశ్రయించిన ఒక వైద్యానికి సామాజిక చరిత్ర ఉంటుంది. దాని విలువ మందు గుణం మీద ఆధారపడదు.

రెండు నిర్వచనాల నడుమ

హోమియోపతికి మూలపురుషుడైన శామ్యూల్ హానిమన్ (1755–1843) తన సిద్ధాంత గ్రంథం ఆర్గనాన్‌ను 1810లో ప్రకటించాడు. భారతదేశంలో ఈ వైద్యానికి పేరు తెచ్చినవారిలో కలకత్తా వైద్యుడు మహేంద్రలాల్ సర్కార్ (1833–1904) ముఖ్యుడు. కలకత్తా వైద్య కళాశాల నుంచి ఎం.డి. పట్టం పొందిన ఆయన 1867లో హోమియోపతిని బహిరంగంగా సమర్థించి తోటి వైద్యుల సంఘం ఆగ్రహానికి గురయ్యాడు. కలకత్తా విశ్వవిద్యాలయ వైద్య విభాగంలో ఆయన సభ్యత్వం 1878లో వివాదాస్పదమైంది. బహిష్కారం కూడా ఒక నమోదే. సర్కార్‌ను కాదన్నవారి వాదాలు, ఆయన సమాధానాలు కాగితం మీదికి ఎక్కడం వల్లనే ఆ ఘర్షణను నేటి చరిత్రకారుడు చదవగలుగుతున్నాడు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో హోమియో వైద్యుడికి అలాంటి బహిష్కారపు నమోదు కూడా సులభంగా దక్కే పరిస్థితి లేకపోయింది. అందుకు కారణం చట్టాల భాషలో ఉంది.

1916 నాటి భారత వైద్య పట్టాల చట్టం, గుర్తింపు లేని సంస్థలు పాశ్చాత్య వైద్యశాస్త్రంలో పట్టాలివ్వడాన్ని నిషేధించింది. పాశ్చాత్య వైద్యశాస్త్రం అంటే అల్లోపతీ వైద్యం, ప్రసూతి వైద్యం, శస్త్రచికిత్స అని నిర్వచిస్తూ, హోమియోపతి, ఆయుర్వేదం, యునానీ దాని పరిధిలోకి రావని ఆ చట్టం స్పష్టంగా పేర్కొంది. జర్మనీలో పుట్టిన వైద్యం ఈ విధంగా భారతీయ చట్టంలో పాశ్చాత్యం కాకుండా పోయింది.

మద్రాసు ప్రభుత్వం 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యవిధానాల పరిశీలనకు సంఘాన్ని నియమించింది. 1923లో వెలువడిన ఆ సంఘం నివేదిక ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యుల అభిప్రాయాలకు పెద్ద భాండాగారం. 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల ఏర్పడటానికి ఆ నివేదిక దారితీసింది. హోమియోపతి దేశీయం కాదు కాబట్టి ఆ విచారణ పరిధిలో దానికి చోటు లేదు.

ఈ రెండు నిర్వచనాలనూ కలిపి చదివితే హోమియో వైద్యుడి స్థితి తేటపడుతుంది. 1916 నిర్వచనం ప్రకారం అతడు పాశ్చాత్య వైద్యుడు కాడు. 1921 విచారణ పరిధి ప్రకారం దేశీయ వైద్యుడూ కాడు. అతణ్ణి ఆపినవారు లేరు, గుర్తించినవారూ లేరు. గుర్తింపు కోసం దరఖాస్తు, తనిఖీ, జాబితా, తిరస్కారం వంటివి జరిగినప్పుడే ప్రభుత్వ దస్తావేజులు పుడతాయి. ఆ ప్రక్రియల్లో దేనిలోనూ నిలకడగా భాగం కాని వైద్యం ఆ దస్తావేజుల్లో పలుచగా కనిపించడం సహజం. కాబట్టి ప్రభుత్వ భాండాగారంలో ఆధారాలు తక్కువగా ఉన్నాయన్న కారణంతో ఆ కాలంలో వైద్యమే తక్కువగా ఉందని నిర్ణయించడం తర్కదోషం అవుతుంది.

కళాశాల, చట్టం, విశ్వవిద్యాలయం

తీరాంధ్రంలో ఈ వైద్యానికి సంస్థారూపం ఇచ్చిన ప్రధాన ఘట్టం 1945లో కృష్ణాజిల్లా గుడివాడలో హోమియో వైద్య కళాశాల ఏర్పడటం. నేడు డాక్టర్ గురురాజు పేరుతో నడుస్తున్న ఈ ప్రభుత్వ కళాశాల దక్షిణ భారతంలోని తొలి హోమియో కళాశాలల్లో ఒకటి. అదే 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ప్రారంభమైంది. ఈ రెండు కళాశాలల తారతమ్యం గమనించదగింది. వ్యవసాయ విద్యకు ప్రభుత్వ శాఖ, విశ్వవిద్యాలయ పట్టం మొదటినుంచీ అండగా ఉన్నాయి. హోమియో విద్యకు దేశమంతటికీ వర్తించే చట్టబద్ధ ప్రమాణం రావడానికి 1973 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించిన హోమియోపతి కేంద్ర మండలి చట్టం పాఠ్యప్రమాణాలకు, వైద్యుల కేంద్ర పట్టికకు ఆధారమైంది. దాని స్థానంలో 2020లో జాతీయ హోమియోపతి కమిషన్ చట్టం వచ్చింది.

1986లో విజయవాడలో ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత రాష్ట్రంలోని హోమియో విద్య ఆ విశ్వవిద్యాలయ వ్యవస్థలో భాగమైంది. అప్పటినుంచి ప్రవేశాలు, పరీక్షలు, పాఠ్యప్రణాళికలు క్రమమైన విశ్వవిద్యాలయ దస్తావేజులుగా రూపొందాయి. రాజమహేంద్రవరం కళాశాల స్వయంగా హోమియో వైద్యుడైన నటుడు అల్లు రామలింగయ్య పేరును, హైదరాబాదు కళాశాల సరోజినీ నాయుడు కుమారుడు, హోమియో వైద్యుడు జయసూర్య పేరును పొట్టి శ్రీరాములు పేరుతో కలిపి ధరించాయి. కళాశాలల పేర్లు కూడా ఒక రకం ఆధారాలే. ప్రజాజీవితంలో పేరొందిన వ్యక్తుల ద్వారా ఈ వైద్యం గౌరవం సంపాదించుకున్న తీరును అవి సూచిస్తాయి.

అయితే విశ్వవిద్యాలయ దస్తావేజు నమోదు చేసేది విద్యార్థిని, పరీక్షను, పట్టాను. పట్టా లేకుండా సాయంత్రంపూట పది మందికి మందిచ్చిన ఉపాధ్యాయుడు దాని పరిధిలోకి రాడు. బాపట్ల – తెనాలి – రేపల్లె ప్రాంతపు హోమియో చరిత్రలో ఆ ఉపాధ్యాయుడే కీలకవ్యక్తి.

రైలుమార్గం, అచ్చు, మందుపెట్టె

బాపట్ల, తెనాలి మద్రాసు – కలకత్తా ప్రధాన రైలుమార్గంపై ఉన్న పట్టణాలు. తెనాలి నుంచి చీలిన మార్గం రేపల్లె వద్ద ముగుస్తుంది. హోమియో ఔషధ వ్యాపారానికి, ప్రచురణకు కలకత్తా ప్రధాన కేంద్రం. కొద్ది బరువుతో ఎక్కువ మోతాదులు ఇమిడే ఈ మందులు తపాలా పార్సిళ్లకు అనువైనవి. దంచడం, నూరడం, కాచడం అవసరం లేకుండా, చిన్న సీసాల వరుసలున్న ఒక చెక్కపెట్టె, చక్కెర గుళికలు, ఒక మార్గదర్శక గ్రంథం ఉంటే గృహవైద్యం సాగేది. ఇంగ్లీషు చదవగలిగిన ఉపాధ్యాయుడు, గుమాస్తా, ప్లీడరు, పింఛనుదారు ఈ వైద్యానికి సహజ వాహకులు కావడానికి ఇదే కారణం. 1913లో తొలి ఆంధ్ర మహాసభకు వేదికైన బాపట్లలోను, ముద్రణకూ ప్రచురణకూ పేరొందిన తెనాలిలోను ఆ చదువుకున్న వర్గం బలంగా ఉండేది.

ఇంగ్లీషు గ్రంథం నుంచి తెలుగు గ్రంథానికి మారే దశను గుర్తించడానికి చక్కని సాధనం ఒకటుంది. 1867 నాటి ముద్రణాలయాల, గ్రంథ నమోదు చట్టం ప్రకారం ప్రతి రాజధానిలో అచ్చయిన పుస్తకాల జాబితాలను మూడు నెలలకొకసారి ప్రకటించేవారు. ప్రతి పుస్తకానికీ పేరు, భాష, రచయిత, విషయం, ముద్రణస్థలం, ముద్రాపకుడు, పుటల సంఖ్య, ప్రతుల సంఖ్య, ముద్రణ సంఖ్య, వెల వంటి వివరాలు వాటిలో ఉంటాయి. మద్రాసు జాబితాలలో వైద్య విభాగం కింద తెలుగు హోమియో గ్రంథాలను వరుసగా గుర్తిస్తే, ఏ పట్టణంలో ఎన్ని ప్రతులు అచ్చయ్యాయి, ఏ వెలకు అమ్మకానికి వచ్చాయి, ఏ పుస్తకానికి పునర్ముద్రణ అవసరమైంది అన్న ప్రశ్నలకు ఆధారపూర్వక సమాధానం లభిస్తుంది. బాపట్లకు సమీపంలోని వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం పాత పత్రికల సేకరణకు ప్రసిద్ధి పొందింది. అలాంటి గ్రంథాలయాల్లోని పత్రికల ప్రకటనల పుటలను ఈ జాబితాలతో సరిపోల్చవచ్చు. పరిశోధకులు సాధారణంగా దాటివేసే ఔషధ ప్రకటన ఇక్కడ ప్రాథమికాధారం అవుతుంది.

గ్రంథాల భాష కూడా పరిశీలనార్హం. సమానం సమానాన్ని శమింపజేస్తుందన్న హానిమన్ సూత్రానికి తెలుగు పాఠకుడి చెంత సిద్ధంగా ఉన్న మాటలు ‘విషస్య విషమౌషధం’, ‘ముల్లును ముల్లుతోనే తీయాలి’ అన్నవి. ఈ సామెతలు కొత్త సిద్ధాంతాన్ని పరిచితం చేస్తాయి, కొంత మారుస్తాయి కూడా. హానిమన్ చెప్పింది సామ్యాన్ని. ముల్లు సామెత చెప్పేది అదే వస్తువును. మందుల పేర్లలోనూ ఇదే సంఘర్షణ ఉంది. నక్స్ వామికా తెలుగువారికి తెలిసిన ముష్టిగింజే, సల్ఫర్ గంధకమే, నేట్రం మ్యూర్ నిత్యం వాడే ఉప్పే. దేశీయ నామం ఉన్నా లాటిన్ నామాన్నే తెలుగు లిపిలో నిలిపితే ఆ వస్తువు మందుగా మారిన భావన కలుగుతుంది. ఉప్పును ఉప్పు అంటే వంటింటి వస్తువు, నేట్రం మ్యూర్ అంటే ఔషధం. అనువాదకుడు ఎక్కడ దేశీయ పదం వాడాడు, ఎక్కడ లాటిన్ పదాన్ని నిలిపాడు అన్నది పారిభాషిక పదచరిత్రలో ఒక ప్రత్యేకాధ్యాయానికి సరిపడే అంశం.

రోగి మాట, వైద్యుడి పుస్తకం

హోమియోపతి పద్ధతిలో రోగి వివరాల నమోదు చికిత్సలో అంతర్భాగం. రోగి, అతని ఆప్తులు చెప్పినదాన్ని వారు వాడిన మాటల్లోనే వైద్యుడు రాసుకోవాలని ఆర్గనాన్ 84వ సూత్రం విధిస్తుంది. నొప్పి ఎక్కడ ఉందన్నదానితో పాటు అది ఎలాంటిది, ఏ వేళ పెరుగుతుంది, చలికి తగ్గుతుందా వేడికి తగ్గుతుందా, రోగి మనఃస్థితి ఏమిటి అన్నవి మందు నిర్ణయానికి కావాలి. ఈ నియమాన్ని తెలుగునాట పాటించిన వైద్యుడి పుస్తకం, తనకు తెలియకుండానే, వాడుక తెలుగుకు దస్తావేజు అవుతుంది.

తెలుగులో బాధకు ఒక్క మాట చాలదు. తల పోటెత్తుతుంది, కురుపు సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, కళ్లు మండుతాయి, నరం లాగుతుంది, పంటి నొప్పి జివ్వుమంటుంది. కడుపులో దేవడం వేరు, డోకు రావడం వేరు. కళ్లు తిరగడం వేరు, బైర్లు కమ్మడం వేరు. హోమియో వైద్యుడు ఆశ్రయించే కెంట్ రచించిన లక్షణసూచిక (1897) నొప్పిని మండే, కోసే, పొడిచే, లాగే, నొక్కే నొప్పులుగా ఇంగ్లీషులో విభజించింది. రోగి తెలుగులో చెప్పినదాన్ని ఆ విభాగాల్లో దేని కిందకు చేర్చాలో వైద్యుడు తేల్చుకోవాలి. సలుపు ఏ విభాగం కిందకు వస్తుంది? కాళ్ల తీపులకు ఏది సరిపోతుంది? కడుపులో కోసినట్టుందంటే అది శరీరబాధ. కడుపుకోత అంటే సంతానాన్ని పోగొట్టుకున్న దుఃఖం, అది మానసిక లక్షణాల కిందకు వస్తుంది. ఒకే ధాతువు నుంచి వచ్చిన రెండు మాటలు రెండు వేర్వేరు మందులకు దారితీయగలవు. రోగి పలుకు తెలుగు, సూచిక ఇంగ్లీషు, మందు పేరు లాటిన్. మూడు భాషలు ఒక్క పుటలో కలిసే ఈ రచనారూపానికి తెలుగు గద్యచరిత్రలో తగిన పరిశీలన అవసరం.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో సంపుటాలుగా వచ్చి, శ్రమజీవుల మాటలకు శాస్త్రీయ గౌరవం కల్పించింది. రైతు పనిముట్లకు, నేతగాని మగ్గానికి దక్కిన ఆ శ్రద్ధ రోగి శరీరానుభవ పదజాలానికీ దక్కాలి. క్షేత్రంలో పరిశోధకుడు ప్రశ్నిస్తే సమాచారదాత ఆలోచించి మాట ఇస్తాడు. వైద్యుడి ముందు కూర్చున్న రోగి బాధ తెలిపే తొందరలో మాట ఇస్తాడు. ఆ మాట చెప్పినవారి ఊరు, వయసు, వృత్తి, తేదీ పక్కనే ఉండటం కోశకారుడికి అరుదైన అదృష్టం.

స్టుట్‌గార్ట్, ఫిలడెల్ఫియా: రెండు నిదర్శనాలు

ఇలాంటి పుస్తకాలు భద్రపడితే ఏమవుతుందో జర్మనీ అనుభవం చూపుతుంది. హానిమన్ స్వయంగా రాసుకున్న రోగి వివరాల పుస్తకాలు యాభైకి పైగా సంపుటాలు స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ ఫౌండేషన్ వైద్యచరిత్ర సంస్థలో ఉన్నాయి. వైద్యుడి సిద్ధాంతానికీ ఆచరణకూ ఉన్న దూరాన్ని, అతని రోగుల సామాజిక స్థాయిని, వారి జబ్బుల భాషను వాటి ఆధారంగా చరిత్రకారులు చర్చించగలుగుతున్నారు.

అమెరికా నిదర్శనం మరొక పాఠం నేర్పుతుంది. పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో 1835లో ఏర్పడిన హోమియో విద్యాలయంలో బోధన వలసవచ్చిన జర్మనుల మాతృభాషలో సాగింది. తరువాత 1848లో ఫిలడెల్ఫియాలో స్థాపితమైన కళాశాల హానిమన్ పేరుతో ప్రసిద్ధి పొందింది. దాని స్థాపకుల్లో ఒకరైన కాన్‌స్టంటైన్ హెరింగ్ సేకరించిన పారాసెల్సస్ గ్రంథాలు ఆ కళాశాలకు చేరాయి. ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగానికి అక్కడ హోమియో బోధన ఆగిపోయింది. కళాశాల కొన్ని విలీనాల అనంతరం 2002లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. హానిమన్ పేరు మోసిన ఆసుపత్రి 2019లో మూతపడింది. అయినా కళాశాల దస్తావేజులు డ్రెక్సెల్ భాండాగారంలో పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1875 నుంచి 1922 దాకా సాగిన హోమియో కళాశాల పత్రాలు కూడా ఆ విశ్వవిద్యాలయపు బెంట్లీ చరిత్ర గ్రంథాలయంలో నిలిచాయి. అక్కడ బోధన అంతరించినా పత్రాలు మిగిలాయి. తెలుగునాట వైద్యం వాడుకలో ఉంది, తొలితరం పత్రాలకే రక్షణ లేదు. ఈ తేడాకు మూలం విశ్వవిద్యాలయ ప్రాపకం.

రెండు దస్తావేజుల నడుమ ఒక జీవితం

బాపట్లలో 1926లో జన్మించిన ఎక్కిరాల కృష్ణమాచార్య (1926–1984) జీవితం ఈ సమస్యకు స్పష్టమైన ఉదాహరణ. ఆయన గుంటూరు హిందూ కళాశాలలోను, ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను అధ్యాపకత్వం నెరపారు. సాహిత్య, ఆధ్యాత్మిక రచనలతో పాటు హోమియో వైద్యం మీద రచనలు చేశారు, ఉచిత హోమియో వైద్యశాలల స్థాపనకు కారకులయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా అదే 1926లో ఏర్పడటం యాదృచ్ఛికం. ఆ విశ్వవిద్యాలయ అధ్యాపకుడిగా ఆయన ఒక వర్గపు దస్తావేజులకు, వైద్యుడిగా మరొక వర్గపు దస్తావేజులకు చెందుతారు.

విశ్వవిద్యాలయ ఉద్యోగ దస్తావేజు స్వభావరీత్యా నియామకం, బోధన, పరిశోధన, పదోన్నతులను నమోదు చేస్తుంది. ఉచిత వైద్యశాల పుస్తకం రోగిని, మందును, తేదీని నమోదు చేస్తుంది. ఒకటి చూసినవారికి తెలుగు అధ్యాపకుడు, మరొకటి చూసినవారికి హోమియో వైద్యుడు కనిపిస్తారు. భాషాబోధనకూ వైద్యానికీ నడుమ ఒకే వ్యక్తిలో జరిగిన రాకపోకలు, తరగతి గదిలో అలవడిన వివరణశైలి వైద్యగ్రంథ రచనకు ఎలా తోడ్పడింది అన్న ప్రశ్న, రెండు వర్గాలనూ పక్కపక్కన పెట్టినప్పుడే చర్చకు వస్తాయి. విద్యావంతుల ద్వారా వ్యాపించిన వైద్యానికి చరిత్ర రాసేటప్పుడు విశ్వవిద్యాలయ దస్తావేజులను, గృహపత్రాలను వేరు చేసి చదవడం సగం చరిత్రను వదులుకోవడమే.

తీరం, తేమ, కాలం

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక వద్ద సముద్రం ఉంది. ఉప్పుగాలి, తేమ, చెద ఈ ప్రాంతంలో కాగితానికి నిత్యశత్రువులు. 1977 నవంబరు 19న కృష్ణా, గుంటూరు తీరాలను ముంచెత్తిన తుపాను, ఉప్పెన దివిసీమ పరిసరాల్లో పదివేలకు పైగా ప్రాణాలను బలిగొన్నాయి. ప్రాణనష్టం ముందు కాగితాల నష్టం ఎవరి లెక్కకూ రాదు, రాకూడదు కూడా. కాని తీరగ్రామాల చరిత్ర రాసేవారు ఆ తేదీకి ముందటి గృహపత్రాలు దొరకనప్పుడు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. తుపాను లేని ఏళ్లలో ఇల్లు పడగొట్టి కట్టుకోవడం, వారసులు పట్నం తరలిపోవడం, పాత కాగితాలు తూకానికి వెళ్లడం అదే పని నెమ్మదిగా చేస్తాయి. మందుపెట్టె జ్ఞాపకంగా మిగలవచ్చు. చేతిరాత పుస్తకానికి ఆ భాగ్యం తక్కువ.

ఈ పరిస్థితిలో సేకరణ క్రమం ముందుగా నిర్ణయించుకోవాలి. మొదటిది పత్రాలను ఇంటినుంచి కదిలించకుండా, ఉన్నచోటనే పట్టిక రాయడం. రచయిత, కాలం, భాషలు, పుటలు, పత్రస్థితి అందులో ఉండాలి. రెండవది యజమాని అనుమతితో ఛాయాప్రతులు తీయడం. మూడవది చీటీలు, మందుల పట్టీలు, పుటల మధ్య ఉంచిన ఉత్తరాలు తీసివేయకుండా అదే క్రమంలో నమోదు చేయడం. పుటల నడుమ ఉన్న తపాలా రసీదు మందు ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే ఏకైక సాక్ష్యం కావచ్చు. నాలుగవది రోగుల గోప్యత. ఊరు తెలిసిన చోట ఇంటిపేరు, జబ్బు కలిసి కనిపిస్తే వారి సంతతికి ఇబ్బంది కలుగుతుంది. కాబట్టి పరిశోధనకు ఇచ్చే ప్రతిలో పేర్లను సంకేతాలతో మార్చి, మూలప్రతి పరిశీలనకు గడువు విధించడం అవసరం. ఈ హామీ లేనిదే ఏ కుటుంబమూ పుస్తకం చేతికి ఇవ్వదు, ఇవ్వవలసిన అవసరమూ లేదు.

ఉపసంహారం

తీరాంధ్ర హోమియో వైద్యానికి చెందిన తొలిదశ, 1916 చట్ట నిర్వచనానికీ 1921 దేశీయ వైద్యవిచారణకూ వెలుపల ఉండిపోవడం వల్ల ప్రభుత్వ దస్తావేజుల్లో పలుచబడింది. 1945లో గుడివాడ కళాశాలతో, 1973 చట్టంతో, 1986 విశ్వవిద్యాలయంతో వచ్చిన దస్తావేజులు ఆ తరువాతి సంస్థాగత దశను చెబుతాయి. వాటికి ముందు, వాటికి సమాంతరంగా సాగిన గృహవైద్యాన్ని గ్రంథ నమోదు జాబితాలు, పత్రికా ప్రకటనలు, రోగి వివరాల పుస్తకాలు కలిసి మాత్రమే వెల్లడించగలవు. వీటిలో మొదటి రెండూ గ్రంథాలయాల్లో వేచి ఉండగలవు. మూడవదానికి ఆ వ్యవధి లేదు.

వైద్య విశ్వవిద్యాలయం ఈ పుస్తకాల్లో నేటి చికిత్సకు పనికివచ్చేదేమీ చూడకపోవచ్చు. చరిత్రశాఖ వీటిని చిన్న ఆధారాలుగా భావించవచ్చు. రోగి చెప్పిన మాటను రోగి మాటగానే రాసిన పుటలో తెలుగు శాఖకు భాష కనిపిస్తుంది. బాపట్ల, తెనాలి, రేపల్లె మండలాల్లో ఒక్కొక్క పరిశోధక విద్యార్థి ఒక్కొక్క పుస్తకానికి పట్టిక రాసినా, తెలుగులో శరీరబాధల పదకోశానికి పునాది పడుతుంది. ఆ పునాది మీద వైద్యచరిత్రను ఎవరైనా, ఎప్పుడైనా నిర్మించుకోవచ్చు.